పెన్ను ఎవరి చేతిలో ఉంది?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకటే గొడవ. ట్రైనింగులు పెట్టేశాం, డబ్బులు ఖర్చయిపోయాయి, ఇప్పుడు వాటివల్ల ఊళ్ళో ఏం మారిందో చూపించమంటున్నారు, ఎట్టా చూపించాలి అని. మార్చి నెలాఖరు వస్తోంది కదా, అందరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది. సరే, ఈసారి శీర్షిక మొత్తం దీనికే. మిగతావి అడిగినవాళ్ళు ఏమీ అనుకోకండి, వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న: మేడమ్ నమస్తే. గుంటూరులో ఒక స్వచ్ఛంద సంస్థలో మానిటరింగ్ చూసే పని నాది, చేరి ఏడాదే అయింది. 28 ఊళ్ళలో మహిళా సంఘాల లీడర్లకీ గ్రామ సమాఖ్య కమిటీలకీ పుస్తకాలు రాయడం, మీటింగ్ నడపడం, బ్యాంకు పనులు, పంచాయతీ ప్లాను ఇట్టా చాలావాటి మీద ట్రైనింగులు ఇచ్చాం. ఇప్పుడు ఫండింగ్ వాళ్ళు "కెపాసిటీ బిల్డింగ్ ఫలితం ఏంటో ఆధారాలతో రాయండి" అంటున్నారు. నా దగ్గర సంతకాల షీట్లు, ఫొటోలు, ప్రీ టెస్ట్ పోస్ట్ టెస్ట్ మార్కులు, "శిక్షణ చాలా బాగుంది" అని రాసిన ఫీడ్‌బ్యాక్ ఫారాలు ఉన్నాయి. ట్రైనింగ్‌కి ముందు పరిస్థితి ఎట్టా ఉందో రాసుకునే బేస్‌లైన్ మొదట్లో చెయ్యలేదు. బుర్ర పనిచెయ్యట్లేదు మేడమ్.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: బుర్ర పనిచెయ్యకపోవడం నీ తప్పు కాదులేమ్మా, నీ చేతికిచ్చిన కాగితాలే అట్టాంటివి. అవన్నీ మీ సంస్థ చేసిన పనికి లెక్కలు, ఎంతమందిని పిలిచాం, ఎన్ని రోజులు కూర్చోబెట్టాం, భోజనాల బిల్లు ఎంతయింది. ఊళ్ళోవాళ్ళకి కొత్తగా ఏం చేతనైంది అన్నది వాటిల్లో ఉండదు, ఎంత వెతికినా ఉండదు.

ట్రైనింగుల్ని కొలవడానికి అందరూ చెప్పే మెట్ల పద్ధతి ఒకటుంది, అమెరికాలో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే ఆయన 1959లో రాసింది. నాలుగు మెట్లు. వచ్చినవాళ్ళకి నచ్చిందా, ఏమన్నా నేర్చుకున్నారా, నేర్చుకున్నది ఇంటికెళ్ళాక చేస్తున్నారా, చేసినందువల్ల ఏమన్నా ఒరిగిందా. నీ ఫీడ్‌బ్యాక్ ఫారాలు మొదటి మెట్టు, టెస్టు మార్కులు రెండో మెట్టు, మనవాళ్ళం ఎక్కువమందిమి అక్కడే చతికిలబడతాం. మూడో మెట్టు ఎక్కాలంటే ఊరికి పోవాలి, అదీ ఓ ఆరు నెలలు ఆగి పోవాలి, అప్పటికి ప్రాజెక్టు మూసేసి ఉంటారు, టీఏ బిల్లు ఇచ్చేవాడు ఉండడు, ఇక ఎవరు పోతారు.

ఇంకో చిక్కుంది. ఆయన ఈ మెట్లు కట్టింది కంపెనీల్లో ఉద్యోగుల కోసం, అక్కడ నేర్చుకునేది ఒక మనిషి. మన దగ్గర నేర్చుకోవాల్సింది సంఘం. మనిషికి వచ్చినంత మాత్రాన సంఘానికి వచ్చినట్టు కాదు, దీనికి నా నెత్తిన పడ్డ సంగతే చెప్తా.

2005 ప్రాంతంలో, ప్రభుత్వ పేదరిక నిర్మూలన ప్రాజెక్టు ‘వెలుగు’ రోజుల్లో, నేను ఒక మండలంలో సీసీగా, అంటే సంఘాల్ని చూసుకునే కమ్యూనిటీ కోఆర్డినేటర్‌గా చేసేదాన్ని. ప్రత్తిపాడు వైపు ఒక ఊళ్ళో పదకొండు సంఘాలు, గ్రేడింగులో అన్నీ ‘ఏ’. మీటింగుల మీద, పుస్తకాల మీద, బ్యాంకు లింకేజీ మీద ట్రైనింగులన్నీ అయిపోయినై, నా మండలంలో నేను గొప్పగా చెప్పుకునే ఊరది. ఒకరోజు ఎండలో పోయి పుస్తకాలన్నీ తెప్పించుకుని అరుగు మీద వరసగా పరిచా. పదకొండు తీర్మానాల పుస్తకాల్లోనూ ఒకటే చేతిరాత. గుండ్రంగా ముత్యాల్లాంటి అక్షరాలు, ‘ళ’కి తోక కొంచెం పొడుగ్గా. ఊళ్ళో సంఘాల పని చూసిపెట్టే యానిమేటర్ అమ్మాయిది. ఆ అమ్మాయికి మాఘమాసంలో పెళ్ళయి ఒంగోలు వెళ్ళిపోయింది, ఇక అంతే, అక్కడినుంచి మూడు నెలల పేజీలు పదకొండు పుస్తకాల్లోనూ తెల్లగా ఉన్నాయి. లీడర్లని అడిగితే "ఆ పిల్ల వచ్చిద్దిలే మేడమ్, పండక్కి వచ్చినప్పుడు రాసిపోద్ది" అన్నారు. ట్రైనింగ్ ఎవరికిచ్చాం అంటే లీడర్లకి, పని నేర్చింది ఎవరు అంటే ఒకే ఒక్క పిల్ల, ఆ పిల్లతో పాటు మా ‘ఏ’ గ్రేడు కూడా బస్సెక్కి ఒంగోలు పోయింది.

నేను పుస్తకాలు మూస్తుంటే ఒకావిడ, చదువు రాదని మేము ట్రైనింగ్‌కి పేరు కూడా రాయని మనిషి, "మా సంఘం లెక్క కావాలా తల్లీ" అని ఇంట్లోకి తీసుకుపోయింది. గోడకి వెంకట్రామా క్యాలెండర్. పాల లెక్క వేసుకున్నట్టు ఒక్కో గడిలో బొగ్గుతో నిలువు గీతలు, అడ్డగీతలు, అక్కడక్కడా పసుపు బొట్లు. నిలువు గీత పొదుపు కట్టినవాళ్ళకి, అడ్డగీత కట్టనివాళ్ళకి, పసుపు బొట్టు అప్పు తిరిగొచ్చిన రోజుకి. ఎవరు ఎంత బాకీనో వేళ్ళ మీద చెప్పింది. పాస్‌బుక్కుతో సరిచూస్తే 40 రూపాయలు తేడా వచ్చింది, అదీ బ్యాంకువాళ్ళు పట్టుకున్న ఏదో ఛార్జీ. ఆ సంఘానికున్న చేతనైనతనం అంతా ఆ గోడకి వేలాడుతుంటే మా రికార్డులో ఆవిడ ‘నిరక్షరాస్య సభ్యురాలు’ అనే గడిలో ఒక అంకె. ఆరోజు నుంచి నేను ఏ ఊరికి పోయినా ముందు అడిగేది పెన్ను ఎవరి చేతిలో ఉంటది అనే.

ఇప్పుడు నీ సంగతికి వద్దాం. బేస్‌లైన్ లేదని బెంగపడకు, అది ఊళ్ళో బీరువాలో ఉంది. పాత తీర్మానాల పుస్తకాలే నీ బేస్‌లైన్. ట్రైనింగ్‌కి ముందు ఏడాది పేజీలు, తర్వాత ఏడాది పేజీలు పక్కపక్కన పెట్టు. చేతిరాతలు ఒకటి నుంచి మూడయ్యాయా? "సమావేశం జరిగినది, పొదుపు వసూలు చేయడమైనది" అని అదే వాక్యం నెలనెలా దించుకుంటూ పోయారా, లేకపోతే ఫలానా ఆవిడకి అప్పు ఎందుకు వద్దన్నారో, ఎవరు అడ్డం తిరిగారో, చివరికి ఏం తేల్చారో రాసుకున్నారా? గొడవ రాసి ఉన్న పేజీ కనపడితే నీకు పండగే, పోట్లాడుకుని తేల్చుకోవడం వచ్చిన సంఘం అది. పోట్లాటే లేని సంఘాన్ని నేనైతే కొంచెం అనుమానంగానే చూస్తా.

28 ఊళ్ళూ తిరగలేవు, ఆరు చాలు. మీ ఆఫీసులో గొప్పగా చెప్పుకునే ఊళ్ళు రెండు, ఎవరూ పేరెత్తని ఊళ్ళు రెండు, మిగిలిన రెండు చీటీలు వేసి తియ్యి. మీ ఫీల్డ్ స్టాఫ్‌ని వెంటబెట్టుకుని మాత్రం పోవద్దు, ఆయన పక్కనుంటే ఏ ప్రశ్నకైనా అందరూ ఆయన మొహం చూసే జవాబు చెప్తారు. మీటింగులో ఒక మూల కూర్చో, ఎవరు ఎన్నిసార్లు నోరు విప్పారో గీతలు పెట్టుకో, మన క్యాలెండర్ ఆవిడ లాగే. అయ్యాక ఓ ఐదుగురిని విడిగా "నీ అప్పు ఇంకా ఎంతుంది" అని అడిగి పుస్తకంతో కలుపు. పోయిన ఏడాదిలో బ్యాంకుకో, ఎంపీడీఓ ఆఫీసుకో మీ సంస్థ మనిషి లేకుండా ఎన్నిసార్లు పోయారు, ఏం సాధించుకొచ్చారు, ఏది కాలేదు, అది అడుగు. కాలేదని చెప్పినా పర్లేదు, వెళ్ళారా లేదా అన్నది ముఖ్యం.

ఇంకోటి మర్చిపోతా, సీజన్. నువ్వు ఫిబ్రవరిలో పగటిపూట సర్వే పెట్టుకున్నావంటే మన జిల్లాలో మిర్చి కోతలు, ఊళ్ళో దొరికేది ముసలివాళ్ళు, బాలింతలు, కూలికి పోవాల్సిన అవసరం లేనివాళ్ళు. వాళ్ళ జవాబులే ఊరి జవాబులని రాసేస్తావు. రాత్రి ఏడున్నర తర్వాత పో, అన్నం తిని అరుగుల మీద కూర్చునే టైము, కాస్త ఒళ్ళు నొప్పులతో చిరాగ్గా ఉంటారు కానీ నిజం చెప్తారు.

రిపోర్టులో అప్పుల రికవరీ శాతం చూపించి ఇదిగో కెపాసిటీ అని రాయాలని నీకు బుద్ధి పుడద్ది, అందరికీ పుడద్ది. సంఘాలకి చెప్పే పంచసూత్రాల్లో సకాలంలో అప్పు తీర్చడం ఒకటి, కాదనను, క్రమంగా మీటింగు, క్రమంగా పొదుపు, లోపల అప్పులు, తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం అని ఐదూ మనకి కంఠతా వచ్చినవే. కానీ 2010కి ముందు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకో, మైక్రోఫైనాన్స్ వాళ్ళు వీధి వీధికీ వచ్చి అప్పులిచ్చారు, ఒక కంపెనీ వాయిదా ఇంకో కంపెనీ అప్పుతో కట్టారు, కాగితం మీద రికవరీ అద్దంలా మెరిసిపోయింది, ఊళ్ళో ఆడవాళ్ళు మాత్రం నలిగిపోయారు, చివరికి ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సే తేవాల్సొచ్చింది. వాయిదా కట్టారా అని అడిగి ఊరుకోకుండా ఎక్కణ్ణుంచి తెచ్చి కట్టారు అని కూడా అడగాలి.

ఫండింగ్ వాళ్ళు కథలు కూడా అడుగుతారు. కథలు తప్పేం కాదు, రిక్ డేవీస్ అనే ఆయన 1990ల్లో బంగ్లాదేశ్‌లో దీన్నే ఒక పద్ధతిగా మలిచాడు, ఊళ్ళోవాళ్ళని "ఈ మధ్యకాలంలో వచ్చిన మార్పుల్లో మీకు పెద్దదనిపించింది ఏది, ఎందుకు" అని అడిగి, వచ్చిన కథల్లోంచి ఒకటి ఎంచుకోవడం, ఎందుకు ఎంచామో రాసిపెట్టడం. ఆ ‘ఎందుకు’ దగ్గరే అసలు పనంతా ఉంది. మనవాళ్ళు ఏం చేస్తారంటే ఆఫీసులో కూర్చుని ఎర్రచీర కట్టుకున్న ఒకావిడ ఫొటో, పక్కన కుట్టుమిషను, కింద నాలుగు వాక్యాలు. అది వద్దు. ఐదు కథలు సమాఖ్య మీటింగులో చదివించి వాళ్ళనే ఒకటి ఎంచమను, ఆ వాదన రాసుకో, నీ రిపోర్టుకి అంతకంటే బలం లేదు.

ఇక ఆఖరున, ఆరు ఊళ్ళలో రెండింట్లో ఏమీ మారలేదని తేలితే అదే రాయి. మీ డైరెక్టరు గారు మొహం ముడుచుకుంటారు. ముడుచుకోనీ.

ప్రశ్న: అక్కా, నేను తెనాలి దగ్గర ఫీల్డ్ ట్రైనర్‌ని. ట్రైనింగ్‌కి ముందు "మీకు సంఘం లెక్కలు ఎంత బాగా వచ్చు, ఐదుకి ఎన్ని వేసుకుంటారు" అంటే చాలామంది నాలుగు వేసుకున్నారు. మూడు రోజుల ట్రైనింగ్ అయ్యాక అదే ప్రశ్నకి మూడు, రెండున్నర వేసుకున్నారు. "నువ్వు చెప్పి, వాళ్ళకి ఉన్నది కూడా పోగొట్టావు" అని మా సార్ అందరి ముందూ అన్నాడు. నిజంగా నా తప్పేనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తమ్ముడూ, మీ సార్‌కి చెప్పు, ఇది బాగా జరిగిన ట్రైనింగ్‌కి వచ్చే జబ్బు. కాలవలో మునిగి తేలేవాడు నాకు ఈత బ్రహ్మాండంగా వచ్చు అనుకుంటాడు, వాణ్ణి తీసుకుపోయి సీతానగరం దగ్గర కృష్ణలో దింపితే అప్పుడు తెలుస్తది ఈతంటే ఏంటో. మీవాళ్ళకి ముందు లెక్కలంటే కూడికలు, మూడు రోజులయ్యాక వడ్డీ వేరు అసలు వేరు అని, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో కలపాలని, నిల్వ తేలాలని తెలిసింది. కొలబద్దే మారిపోయింది, మనిషి కాదు తగ్గింది.

దీనికి ఒక చిట్కా ఉంది, ముందు అడగడం మానేసి ఆఖరున రెండూ అడగడం, ఇప్పుడు నీకు ఎంత వచ్చు, ఇప్పుడు తెలిసినదాన్ని బట్టి చూస్తే మొన్న వచ్చినప్పుడు నీకు ఎంత వచ్చేది అని. అప్పుడు రెండింటికీ ఒకే కొలబద్ద. కాకపోతే దీంట్లోనూ లోటుంది, మనవాళ్ళు మొహమాటస్తులు, మూడు రోజులు అన్నం పెట్టి చెప్పావు కదా పాపం అని మొన్నటిదానికి ఒకటి, ఇవాళ్టికి ఐదు వేసేస్తారు, నీకు సంతోషం, వాళ్ళకి సంతోషం, నిజం మాత్రం ఎటో పోయింది.

నన్నడిగితే మార్కులు వేసుకోమనడమే మానెయ్యి. ఒక సంఘం పాస్‌బుక్కు జిరాక్స్ తీసి అందులో కావాలని ఒక తప్పు పెట్టు, ఒక వాయిదా రెండుసార్లు పడినట్టో, వడ్డీ కలపనట్టో. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి "ఇందులో ఏదో తేడా ఉంది, పట్టుకోండి" అను. మొదటిరోజు ఎంతమంది పట్టుకున్నారు, మూడోరోజు ఎంతమంది, రెండు నెలలకి మళ్ళీ ఊళ్ళో ఎంతమంది. రెండు నెలల అంకె చూసి మీ సార్ ఏమంటాడో నాకూ రాయి.

ప్రశ్న: అమ్మా, నేను పల్నాడు జిల్లాలో మిర్చి రైతుని, మా రైతు ఉత్పత్తిదారుల సంఘంలో డైరెక్టరుని కూడా. ఏడాదికి రెండుసార్లు ఎవరో ఒకరు ట్యాబ్ పట్టుకుని వస్తారు, మూల్యాంకనం అంటారు, గంటన్నర ప్రశ్నలు, ఆధార్ నంబరు, ఎకరాలు, మీకు వచ్చిన ట్రైనింగులు ఎన్ని, ఉపయోగపడ్డాయా అవును కాదు. వెళ్ళిపోతారు. ఏం తేలిందో మాకు ఎవరూ చెప్పరు. మమ్మల్ని పరీక్షిస్తున్నారా, ట్రైనింగ్ ఇచ్చినవాళ్ళని పరీక్షిస్తున్నారా?
– ఒక రైతు, పల్నాడు జిల్లా

జవాబు: బాబాయ్ గారూ, న్యాయమైన కోపం. ఇన్నేళ్ళు ఆ ట్యాబ్ పట్టుకుని తిరిగినవాళ్ళలో నేనూ ఒకదాన్ని కాబట్టి ముందు నన్ను క్షమించండి. చేసిన రిపోర్టుల్లో ఊరికి తిరిగి తీసుకెళ్ళి చదివినవి నా లెక్కలో ఒక చేతి వేళ్ళకి మించవు.

ఈసారి ఎవరన్నా వస్తే ఒక షరతు పెట్టండి, తేలింది ఏంటో తెలుగులో, మా ఊళ్ళో, మా అందరి ముందూ చెప్పే రోజు ఇప్పుడే చెప్పు, అప్పుడే సమాధానాలు అని. నవ్వులాటకి చెప్పట్లేదు, అడిగే హక్కు మీకుంది.

రెండోది, వాళ్ళకోసం ఆగకుండా మీకు మీరే చూసుకోవచ్చు. 2020లో కేంద్రం 10,000 ఎఫ్‌పీఓల (మీలాంటి రైతు ఉత్పత్తిదారుల సంఘాల) స్కీము తెచ్చింది కదా, అందులో చేరిన సంఘానికి మూడేళ్ళపాటు నిర్వహణకి మొత్తం 18 లక్షల దాకా సాయం, సీఈఓ జీతం అందులోంచే. మీది ఆ స్కీములోదో కాదో మీరు రాయలేదు, ఏదైనా గానీ ప్రశ్న ఒకటే, ఆ డబ్బు ఆగిపోయిన నెల ఏం జరిగిద్ది? ఆఫీసు తాళం ఎవరి దగ్గరుంటది? జీఎస్టీ రిటర్ను ఎవరేస్తారు? డైరెక్టర్లలో బ్యాలెన్స్ షీటు చూసి "ఈ అంకె ఏంటి" అని అడగగలిగినవాళ్ళు ఎంతమంది, సీఈఓ కుర్రాడు చూపించినచోట సంతకం పెట్టేవాళ్ళు ఎంతమంది? మీటింగులో చింతగింజలు తెచ్చి నేల మీద ఐదు సున్నాలు గీయండి, లెక్కలు, అమ్మకం, విత్తనాలు, ఎరువుల్లాంటివి కొనడం, సభ్యులతో మాట్లాడటం, ఆఫీసులతో మాట్లాడటం. ఎవరికివాళ్ళు పది గింజలు ఎక్కడ మనకి బలం ఉందనుకుంటే అక్కడ వెయ్యండి. ఖాళీగా ఉన్న సున్నా దగ్గర కూర్చుని మాట్లాడుకోండి, వచ్చే ట్రైనింగ్ దాని మీదే కావాలని మీరే అడగండి. యూరప్ వాళ్ళు 2008లో సంస్థలకి ఉండాల్సిన ఐదు సామర్థ్యాలని పెద్ద స్టడీ చేశారు, నిర్ణయం తీసుకుని నిలబడటం, పని చేసి చూపించడం, పదిమందితో కలవడం, కాలం మారితే మారడం, అందరినీ ఒక తాటి మీద నడపడం అని. చింతగింజలతో మీకు తేలేదీ ఇంచుమించు అదే.

ట్రైనింగ్ పనికొచ్చిందా లేదా అన్నదానికి ఒక్కోసారి పురుగే వచ్చి పరీక్ష పెడుతుంది. 2021లో మిర్చికి నల్లతామర పురుగు పడినప్పుడు గుర్తుందిగా, చూస్తుండగా పూత మాడిపోయింది, తోటలకి తోటలు దున్నేశారు. ఆ వారం మీరు మొదటి ఫోను ఎవరికి చేశారు? పురుగుమందుల కొట్టుకా, లాం ఫారం వ్యవసాయ పరిశోధనా కేంద్రం వాళ్ళకా, సంఘంలో ఇంకో రైతుకా? నీలం జిగురు అట్టలు కట్టినవాళ్ళు ఎవరు, కొట్టువాడు ఇచ్చిందల్లా మూడురోజులకోసారి కొట్టినవాళ్ళు ఎవరు? సస్యరక్షణ మీద ఎన్ని ట్రైనింగులు అయినా ఆ మొదటి ఫోను మారకపోతే పెద్దగా ఏం మారలేదనే లెక్క, ఇది మీ తప్పని కాదు, చెప్పినవాళ్ళు చెప్పిన తీరు అట్టా ఉందని.

రైతులే కొలిచిన ప్రాజెక్టు మన దగ్గర ఒకటి నడిచింది కూడా. 2003లో మొదలైంది, రైతుల చేతుల్లో భూగర్భ జలాల నిర్వహణ, ముందు నెదర్లాండ్స్ డబ్బు, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ ద్వారా. మన పక్కనున్న ప్రకాశంతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో. రైతులే వాన కొలిచారు, పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఎంత నీళ్ళున్నాయి, ఏ పంటకి ఎంత కావాలి అని లెక్క వేసుకున్నారు. ఫలానా పంట వెయ్యొద్దని ఎవరూ ఆంక్ష పెట్టలేదు, సబ్సిడీ ఆశా చూపలేదు, లెక్క మాత్రం అందరికీ తెలిసేది. అట్టాంటిచోట విడిగా మూల్యాంకనం టీము ఎందుకు, గోడ మీద అంకెలే చెప్తాయి, రబీలో ఎన్ని ఎకరాల వరి తగ్గిందో కళ్ళకి కనపడిద్ది. మీకు బోర్లకి బదులు క్వింటాళ్ళు, యార్డు రేటు, సంఘం ద్వారా అమ్మింది ఎంత, కమీషన్ వ్యాపారికి పోయింది ఎంత. ఆఫీసు గోడ మీద సున్నం వేసి రాయించండి, ప్రతి నెలా.

ప్రశ్న: నాగార్జున యూనివర్సిటీలో పీజీ చేస్తున్నా మేడమ్. ప్రాజెక్ట్ వర్క్‌కి పొలంబడి (పొలంలోనే రైతులకి పాఠాలు) ట్రైనింగుల ప్రభావం తీసుకున్నా. కంట్రోల్ గ్రూప్ (పోల్చి చూడటానికి ట్రైనింగ్ అందనివాళ్ళు) లేకపోతే చెల్లదు అని గైడ్ గారు అంటున్నారు. రెండు నెలల్లో ఎట్టా?
– ఒక విద్యార్థి, నంబూరు

జవాబు: గైడ్ గారు చెప్పింది తప్పు కాదు, దానికో కారణముంది. పొలంబడి పుట్టింది ఇండోనేషియాలో, 1989లో, వరికి సుడిదోమ పట్టి మందులు కొట్టినకొద్దీ పెరిగిపోతుంటే. మొదట్లో వచ్చిన రిపోర్టులన్నీ రైతులు మందులు తగ్గించారు, ఆహా ఓహో. ఇప్పుడు పక్కన ఇది పెట్టు: 1986లోనే ఆ ప్రభుత్వం 57 రకాల పురుగుమందుల్ని వరి మీద వాడకుండా నిషేధించింది, 1989 వచ్చేసరికి సబ్సిడీ కూడా ఎత్తేసింది. మందు వాడకం తగ్గింది బడి వల్లా, రేటు వల్లా? ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు 1991లోనూ 1999లోనూ అవే కుటుంబాల్ని అడిగి, బడికి పోయినవాళ్ళనీ పోనివాళ్ళనీ పోల్చి 2004లో ఫలితం వేశారు, దిగుబడిలో గానీ మందుల వాడకంలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదని. దాని మీద వాదనలు జరిగాయి, వేరే చోట్ల బాగా పనిచేసిందని చూపించిన స్టడీలూ ఉన్నాయి. పోల్చకపోతే ఏమీ చెప్పలేం అన్నది మాత్రం ఎవరూ కాదనరు.

నీకు రెండు నెల్లే కాబట్టి పెద్ద ఎత్తులకి పోకు. పొలంబడి జరిగిన ఊరు ఒకటి, జరగని ఊరు ఒకటి, ఒకే కాలవ కింద, ఒకే పంట. జరగని ఊరు మరీ పక్కది తీసుకోకు, బావమరుదులు, వియ్యంకుల ద్వారా పొలంబడి అక్కడికి కూడా పోయి ఉంటది. మామూలు ప్రశ్నలకి తోడు ఖాళీ మందు డబ్బాలు చూపించమను, గట్ల మీద, పాకల్లో పడి ఉంటాయి, నోటిమాట కంటే అవి నమ్మకం. ముట్టుకున్నాక చేతులు కడుక్కో.

ప్రశ్న: విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటాం. మా బస్తీ మహిళా సమాఖ్యకి ఒక సంస్థ విపత్తుల ట్రైనింగ్ ఇచ్చింది, సర్టిఫికెట్లు కూడా ఇచ్చారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు వరద వచ్చి మీద పడింది. ఇప్పుడు ఆ సంస్థవాళ్ళు వచ్చి ట్రైనింగ్ ఉపయోగపడిందా అని ఫారం నింపమంటున్నారు. ఏం రాయాలో తెలియట్లేదు, రాయాలంటే ఏడుపొస్తోంది.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఫారం పక్కన పెట్టేయమ్మా. ఆ సంస్థవాళ్ళకి ఫోన్ చేసి ఒక పూట మా బస్తీలో వచ్చి కూర్చోండి అని చెప్పు, ఫారం ఆళ్ళే నింపుకుంటారు.

ఆ పూట ఒక పొడుగాటి చార్టు తీసుకుని ఆ రోజుని గంటగంటకీ రాయించండి. నీళ్ళొస్తున్నాయని మొదట ఎవరికి తెలిసింది, ఎట్టా, ఎవరు ఎవరికి ఫోన్ చేశారు, ఏ ఫోన్ చార్జింగ్ అయిపోయింది, పడవ ఏ సందు దాకా వచ్చి ఆగిపోయింది, మంచాన ఉన్న ముసలాయన్ని మేడ మీదకి ఎవరెత్తారు, తాగే నీళ్ళు ఎవరింట్లోంచి వచ్చాయి, రెండోరోజు పాలు ఎవరు పంచారు. ట్రైనింగ్‌లో నేర్పింది ఏ గంటలో పనికొచ్చిందో అక్కడ పచ్చ చుక్క, నేర్పిందానికీ జరిగిందానికీ పొంతన కుదరనిచోట ఎర్ర చుక్క, ఎవరూ నేర్పకుండా మీరే చేసుకున్నదానికి పసుపు చుక్క. పసుపు చుక్కలు చాలా ఉంటాయని నా ఊహ, తర్వాత ట్రైనింగ్‌కి పాఠాలు వాటిల్లోంచే తియ్యాలి, ఆ సంస్థవాళ్ళ పుస్తకంలోంచి కాదు. ఏడుపొస్తే ఏడవండి, మధ్యలో ఆపి టీ తాగండి, ఒక్క పూటలో అవ్వకపోతే రెండో పూట పెట్టుకోండి.

చార్టు వాళ్ళు తీసుకుపోతామంటారు, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకున్నాకే ఇవ్వండి. ఆ కాపీ కింద ఇంట్లో పెట్టకండి, మేడ ఉన్నవాళ్ళింట్లో పైన పెట్టండి.